గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయినవాడు

లంజిపల్లి, బరంపురం
19 ఆగస్టు 2023

మావా,

నీకు ఫోన్ చేసి లాభం లేదు, నీ చెవికి అందదు. పక్కవాళ్ళ ఫోన్‌కి మెసేజ్ పెట్టి వాళ్ళచేత చదివించుకునే సంగతి కాదిది. అందుకే ఉత్తరం. కొచ్చిలో మీ ఐసు ఫ్యాక్టరీ దాకా పోస్టుమాన్ వస్తాడో రాడో అని రిజిస్టరు చేస్తున్నాను.

వాడు దొరికాడు మావా. కమాండరు.

ఏడేళ్ళ కిందట నిన్నూ నాన్ననీ పట్టుకెళ్ళి పెట్టిన ఆ కోస్టుగార్డు ఠాణాకి పెద్ద. కంటి ఆపరేషన్‌కని ఐరోపాలో ఒక దేశానికి వెళ్తే అక్కడి పోలీసులు పట్టుకున్నారు. వాడి పేరుగానీ ఆ దేశాల పేర్లుగానీ ఉత్తరాల్లో రాయొద్దని నీరజ మేడం అన్నారు. ఆవిడ ఇక్కడి లాయరే. పెద్దబజార్లో వాళ్ళ నాన్నగారిది పప్పుల హోల్‌సేలు. చదువయ్యాక ఆవిడ దగ్గరే జూనియర్‌గా చేరదామనుకుంటున్నాను. అక్కడి లాయర్లు పంపిన కాగితాల్లో 'గురువులు, మార్కండి' అని నాన్న పేరు చూసి, ఈ అమ్మాయి కూడా ఆ ఊరిదే కదా అని నన్ను పిలిపించారు.

వాడు చేసింది వాడి దేశంలో. చచ్చిపోయింది మన మనిషి. పట్టుకున్నది మూడో దేశం. ఎలా కుదురుతుందని నేనూ అడిగాను. కొన్ని నేరాలు ఎక్కడ జరిగినా, చేసినవాడు ఎంత పెద్ద అధికారి అయినా, తమ నేలమీద చిక్కితే విచారించొచ్చని అక్కడ చట్టం ఉందట. నాలుగేళ్ళుగా లా చదువుతున్నాను, మా పుస్తకంలో దీనిమీద ఒకే ఒక్క పేజీ ఉంది. పరీక్షలో ఎప్పుడూ అడగరు. ఆ పేజీలోంచి నాన్న లేచొచ్చినట్టుంది నాకు.

ఆ గదిలో నాన్నతో ఉన్నది నువ్వొక్కడివే. నువ్వు సాక్ష్యం చెప్పాలి. అక్కడికి వెళ్ళక్కర్లేదు, బరంపురంలో కూర్చుంటే తెరమీద వాళ్ళకి కనపడతావు.

నిన్న మార్కండి వెళ్ళి అమ్మకి చెప్పాను. కవళ్ళ చేపలు ఎండేస్తోంది. అంతా విని, "ఆడికి పిల్లలున్నారా?" అంది. తెలీదన్నాను. మళ్ళీ పనిలో పడిపోయింది. ఆమె అలా అడిగినందుకు నాకెందుకో చాలా కోపమొచ్చింది.

వెంటనే జవాబు రాయి.

నీ మేనకోడలు
వాణి


కొచ్చి
2 సెప్టెంబరు 2023

అమ్మీ వాణికి మావ పైడన్న దీవించి రాసీది.

ఇక్కడ నాను బాగున్నాను. వానలు ఒగ్గట్లేదు. ఐసు మర రేయీ పగలూ తిరుగుతంటాది. దాని గోలకి ఎవుడూ పక్కన పడుకోలేడు, నాకైతే యినపడదు గద, అందుకే కాపలాకి నన్నే ఎట్టినారు. సెవుడికి దొరికిన ఉజ్జోగం.

నీ ఉత్తరం మూడుసార్లు సదివినాను. నాకొద్దమ్మా. సాచ్చీకానికి నాను రాను.

కోపగించుకోకు. ఆడి దేశం ఆడిని అడగలేదు. అక్కడున్న మన దేశం ఆఫీసరు గుండాగి సచ్చిపోనాడని కాగితం రాసి మీ నాన్నని పెట్టిలో ఎట్టి అంపీసినాడు, ఆడూ అడగలేదు. మద్దిన మూడో దేశపోడికి ఏటి పని? నిరుడు మన పక్కూరి కుర్రోడిని ఠాణాలో కొట్టి కాలిరిసినారు. ఆ దరోగా రేపు ఏ దేశమో సుట్టపుసూపుకెల్తే ఆడినీ బోనెక్కిస్తారా? ఎక్కించరు. ఎవుడి దేశం సిన్నదో ఆడినే ఎక్కిస్తారు.

ఇంకోటి. మనూరి చిట్టమ్మ కొడుకు పింటు ఇప్పుడు కమాండరు దేశంలోనే ఉన్నాడు, మేం పన్సేసిన రేవులోనే, బోటు మీద. మనూరి కుర్ర గుంటలు ఇంకా ఉన్నారు. నాను ఇక్కడ నోరిప్పితే అక్కడ ఆల ఈపులు పగుల్తాయి. సదువుకున్నదానివి, నువ్వే ఆలోసించు.

మీ అమ్మని ఎండలో ఎక్కువ కూకోవద్దని సెప్పు.

మీ మావ
పైడన్న


లంజిపల్లి
14 సెప్టెంబరు 2023

మావా,

నీ ఉత్తరం చూసి రెండు రోజులు కాలేజీకి వెళ్ళలేదు.

మూడో దేశానికి ఏటి పని అంటావు. మొదటి రెండు దేశాలూ అడగలేదనే గదా మూడోవాళ్ళు అడుగుతున్నారు! మన వీధిలో ఒకణ్ణి చంపుతుంటే ఇంటివాళ్ళూ రాక, పక్కింటివాళ్ళూ రాక, ఎవరో దారినపోయేవాడు వచ్చి చెయ్యి పట్టుకుంటే, నీది ఈ వీధి కాదు పొమ్మంటావా? మన దరోగాని ఎవరూ అడగరు కాబట్టి కమాండర్ని కూడా అడగొద్దంటే, ఇంక లోకంలో ఎవర్నీ ఎవరూ అడగక్కర్లేదు. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి మావా. అది నాన్న దగ్గర మొదలైతే తప్పేంటి?

పింటు సంగతి నాకు బాధగానే ఉంది. కానీ ఈ లెక్కన వాళ్ళ చేతిలో ఎప్పుడూ మనవాడొకడు ఉంటాడు, మనం ఎప్పుడూ నోరు మూసుకునే ఉండాలి. అదే కదా వాళ్ళకి కావలసింది.

ఊళ్ళో అప్పుడే తెలిసిపోయింది. చిట్టమ్మత్త రేవు దగ్గర అమ్మ గంపని కాలితో తన్నింది. "నీ మొగుడు ఎలాగూ పోనాడు, నా కొడుకుని గూడా తినేస్తావా?" అందట. అమ్మ చేపలు ఏరుకుని ఇంటికొచ్చేసింది.

నువ్వు ఏడేళ్ళుగా ఊరికి సరిగ్గా రావడం లేదు. వచ్చినా అమ్మ ఎదురుగా కూర్చోవు. నువ్వు భయపడ్డావని నేననుకుంటున్నాను. తప్పైతే తప్పని రాయి.

వాణి


కొచ్చి
1 అక్టోబరు 2023

అమ్మీ,

భయపడ్డానన్నావు. భయమే. దేనికో సెప్తాను, సదివి ఈ కాగితం సింపీ. మీ అమ్మకి సెప్పొద్దు.

మేం ఎల్లిన బోటు ఆ దేశం సేటుది. ఇంజను ఆగి కొట్టుకుపోయి, నేవీవోల్లు రావొద్దన్న నీల్లలోకి ఎల్లిపోనాం. దొంగ సమాచారానికి వొచ్చినారన్నారు. సేటు మావోల్లు కాదనీసినాడు. ఆ దేశం కలాసీలని ఒగ్గీసి మాయిద్దరినీ ఉంచినారు.

కమాండరు కుర్సీలో కూకున్నాడు. ఆడు మామీద సెయ్యెత్తలేదమ్మీ, ఒక్కసారి గూడా. కొట్టింది ఓ సిపాయి కుర్రోడు, మీసం గూడా సరిగ్గా రాలేదు ఆడికి. బావని రబ్బరు గొట్టంతో కొడతన్నాడు. కమాండరు ఓ మాటన్నాడు. సిన్న మాట. కుర్రోడు ఆగి ఆడికేసి సూసినాడు. కమాండరు మల్లీ అదే మాటన్నాడు. అప్పుడు కుర్రోడు బావ తలమీద గట్టిగా ఒకటేసినాడు. నాను అడ్డమెల్తే నా రెండు సెవులమీదా యేసినాడు. అప్పుడు ఆగిపోనాడు.

నాను సరిగ్గా యిన్న ఆకరి మాట అదే. దానికి అర్తం నాకు తెల్దు. కొట్టమన్నాడో, సాలన్నాడో. సాలంటే కుర్రోడు ఇంకోలా యిన్నాడో. ఏడేల్లుగా యింటన్నాను ఆ మాట, సెవుల్లో ఇంకేటీ లేదు గద. ఓరోజు కొట్టమన్నట్టుంటాది, ఓరోజు సాలన్నట్టుంటాది. ఒట్టేసి ఏటని సెప్పమంటావు? ఆ మాట విడిగా సీటీ మీద రాసి ఇందులో ఎట్టినాను. మీ ఒకీలమ్మకి తెలుస్తాదేమో అడుగు.

ఇంకోటి గూడా ఉంది. బావ ఆ దెబ్బకే పోనాడని మీ అమ్మకి సెప్పినాను. అది నిజం కాదు. రెండ్రోజులున్నాడు. సెవిలోంచి నెత్తురొచ్చేది. నీల్లు నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోయేవి. కమాండరు పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి గుమ్మంకాడికొచ్చి సూసీవోడు. సూసి ఎల్లిపోయీవోడు. నాకు దుప్పటిచ్చి, నీ పేరేటని సేత్తో అడిగినాడు. అక్కడ మమ్మల్ని పేరడిగిన మనిషి ఆడొక్కడే. డాక్టరు మటుకు రాలేదు.

మంచోడో సెడ్డోడో నువ్వే సెప్పు.

మావ


లంజిపల్లి
20 అక్టోబరు 2023

మావా,

ముందు మంచి సంగతి. నీ చీటీ మీది మాట నీరజ మేడం అక్కడికి పంపారు. ఆ భాషలో దానికి 'ముగించు' అని అర్థమట! అక్కడి లాయర్లు ఎగిరి గంతేశారు. ముగించు అంటే ఇంకేముంది, చంపెయ్యమనే. అవతలి లాయరు మాత్రం 'ఇంక చాలించు' అనే అర్థం కూడా ఉందని వాదిస్తాడట. అందుకని నువ్వు ఆ మాట ఎలా అన్నాడో చెప్పేటప్పుడు, కోపంగా అన్నాడని, చంపెయ్యమన్నట్టే అన్నాడని చెబితే చాలు. అబద్ధమేం కాదు కదా, కుర్రాడు అలాగే అర్థం చేసుకున్నాడు.

రెండోది. కాగితం చించమన్నావు. చించలేదు. ఆదివారం అమ్మ "మీ మావ ఏటి రాసినాడు?" అని అడిగితే మాట దాటేద్దామనుకున్నాను, చేతకాలేదు. చదివేశాను. రెండు రోజుల సంగతి దాకా.

అమ్మ లేచి సరుగుడు తోటవైపు వెళ్ళిపోయింది. వచ్చాక అన్నం పెట్టింది. కానీ అప్పటినుంచీ నాతో మాట్లాడటం లేదు మావా. నిన్న మార్కండి వెళ్తే తలుపు తాళం వేసుంది. పక్కింటి కాసమ్మ అమ్మమ్మని అడిగితే ఎక్కడికెళ్ళిందో తెలీదంది. నీకేమైనా తెలుసా?

వాణి


కొచ్చి
26 అక్టోబరు 2023

వాణీ,

మీ అమ్మ ఇక్కడుంది. అయిదు రోజుల కింద పొద్దున రైలు దిగి, సేతిలో సంచీతో ఐసు ఫ్యాక్టరీ గేటుకాడ నిలబడింది. కొచ్చికి పన్లోకి ఎల్తన్న ఆడోల్లతో కలిసి వొచ్చిందట. బాస రాదు, తోవ తెల్దు, నా అడ్రసు కాగితం అందరికీ సూపించుకుంటా వొచ్చింది.

నువ్వు మాటిచ్చి తప్పలేదు, నాను మాట అడిగినానంతే. అయినా నాకు సానా కోపమొచ్చింది. ఇప్పుడు లేదు.

మీ అమ్మ మాట్లాడితే పెదాలు సూసి తెలుసుకుంటాను, సిన్నప్పటి మొగం గద. కూకుని అడిగింది.

"నీల్లడిగినాడా?"

"సైగ సేసినాడే."

"ఇచ్చినావా?"

"గుడ్డ తడిపి నోట్లో పిండినాను."

"నా పేరెత్తినాడా?"

అమ్మీ, ఆ మాటకి ఎత్తినాడని సెప్పొచ్చు. సెప్తే నా సెల్లెలు ఆనందపడును. కాని నాకు సెవుల్లేవు అప్పటికి. పెదాలు కదిపీవోడు. సీతాలు అన్నాడో, నీల్లు అన్నాడో నాకు తెలీలేదు. అదే సెప్పినాను. మీ అమ్మ సానాసేపు నా సెయ్యి అట్టుకుని కూకుంది. "ఏడేల్లు నువ్వొక్కడివే మోసినావు, నాకు బాగమివ్వలేదు" అంది. తిడతన్నాదో ఏడస్తన్నాదో తెలీలేదు.

తరవాత "రా, ఆలకి సెప్పు. తెలిసిందే సెప్పు, తెలీంది సెప్పకు" అంది.

అంచేత వొస్తాను. మీ ఒకీలమ్మకి సెప్పు. కాని నువ్వు రాసిచ్చిన మాట నాను పలకను. కోపంగా అన్నాడని సెప్పను, ఆడి గొంతు ఎప్పుడూ ఒక్కలాగే ఉండీది. మీ అమ్మకే అబద్దం సెప్పనోడిని, ఎవుడో జడ్జీకి సెప్తానా? నువ్వు రేపు నల్లకోటు ఏసుకునీదానివి. సాచ్చి నోట్లో మాటెట్టకు.

మావ


మూడో దేశం నుంచి
28 నవంబరు 2024

మావా,

ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది. బాధితుల తరఫున కుటుంబంలో ఒకరు కోర్టులో కూర్చోవచ్చని నన్ను తీసుకొచ్చారు. బస ఇచ్చిన ముసలావిడకి ఇంగ్లీషు రాదు, రోజూ ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెడుతుంది. పచ్చిమిరపకాయ కోసం ప్రాణం లాగేస్తోంది.

మొన్న నిన్ను చూశాను. గోడంత తెరమీద నువ్వు. బరంపురంలో ఆ గదిలో నీ పక్కన అమ్మ కొంగు అంచు మాత్రం కనపడింది. ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి నీకు చూపించారు గదా, జవాబులకి మాత్రం ఇక్కడొక హైదరాబాదు ఆయన దుబాసీ. నువ్వు "సూసీసి ఎల్లిపోనాడు" అంటే ఆయనకి అర్థం కాక, "తోసేసి వెళ్ళిపోయాడు" అని ఇంగ్లీషులో చెప్పాడు. నేను లేచి నిలబడి, కాదు, చూసి వెళ్ళిపోయాడు అని అరిచాను. జడ్జి నన్ను కూర్చోమని, నిన్ను మళ్ళీ అడిగించింది. నువ్వు మళ్ళీ అదే చెప్పావు, నాలుగుసార్లు అలా వచ్చాడని.

అవతలి లాయరు, "మీకు ఆ భాష తెలుసా?" అని అడిగాడు. తెల్దన్నావు. "ఆ మాట కొట్టమని చెప్పడమా, ఆపమని చెప్పడమా?" తెల్దన్నావు. మా లాయరు కళ్ళు మూసుకుంది. ఆ క్షణం నీమీద నాకు కోపం రాలేదని చెప్పను.

కమాండరు నాకు పదడుగుల దూరంలో కూర్చున్నాడు. ముసలివాడైపోయాడు. వాణ్ణి మాట్లాడమంటే లేచి, "నేను నా దేశం ఇచ్చిన పని చేశాను. దానికి జవాబు నా దేశానికే చెప్తాను. మీ సముద్రంలోకి పేదవాళ్ళ పడవలొస్తే మీరేం చేస్తున్నారో నాకు తెలుసు. మిమ్మల్ని ఏ కోర్టుకి పిలవాలి?" అన్నాడు. అందులో నిజం లేదని నేను అనలేను. నీ మొదటి ఉత్తరంలో నువ్వన్నదీ ఇదేగా. కానీ వాడు నాన్న గురించి ఒక్క మాట అనలేదు. దేశాల గురించే మాట్లాడాడు.

బయట నడవలో ఒకమ్మాయి నా దగ్గరకొచ్చింది. నా వయసే. వాడి కూతురు. వాడికి పిల్లలున్నారా అని అమ్మ అడిగింది గుర్తొచ్చింది.

"మా నాన్న ఇంట్లో ఎవరిమీదా గొంతు ఎత్తలేదు" అంది ఇంగ్లీషులో.

"మా నాన్న కూడా" అన్నాను.

లోపలికి వెళ్ళిపోయింది. మేమిద్దరం మాట్లాడుకున్నది అంతే.

అమ్మ ఆరోగ్యం జాగ్రత్త. నువ్వు కొచ్చి తిరిగి వెళ్ళిపోయావా, మార్కండిలోనే ఉన్నావా? రెండోదే అయితే బాగుండు.

వాణి


మార్కండి
19 డిసెంబరు 2024

అమ్మీ,

నాను ఇక్కడే ఉన్నాను. కొచ్చి ఎల్లను. మీ అమ్మ నా గుడ్డలు ఉతికి తాటిమీద ఆరేసింది, ఇంక ఎల్లడమేటి అన్నట్టు.

కబురు మంచిది కాదు. నాను సెప్పింది ఆ దేశం టీవీలో సూపించినారట. వారం తిరక్కుండా పింటుని రేవులోంచి అట్టుకుపోనారు. వీసా సరిగ్గా లేదని వొంక. మిగతా కుర్రోల్లు బోటులోనే దాక్కుంటన్నారు.

చిట్టమ్మ వొచ్చి మాయింటి ముందు మన్నెత్తి పోసింది. నన్ను సూసి ఏటేటో అంది. నాకు యినపడలేదు. మొట్టమొదటిసారి సెవుల్లేనందుకు బతికిపోనాననుకున్నాను, తరవాత ఆ అనుకున్నందుకు సిగ్గేసింది. అందుకే మీ అమ్మని అడిగినాను, ఏటందో మొత్తం సెప్పమని. మీ అమ్మ సెప్పింది. అవి ఇక్కడ రాయను.

నాను సేసింది తప్పా వాణీ? నిజమే సెప్పినాను. నిజం సెప్తే వొచ్చిన దెబ్బ నా ఈపుమీద పడాల. ఇంకోడి కొడుకు మీద పడ్డాది. మీ పుస్తకంలో దీనికేటన్నా రాసినారా?

మీ ఒకీలమ్మ ఢిల్లీకి కాగితాలు అంపుతన్నాది పింటు కోసం. చిట్టమ్మ ఏలిముద్ర కావాలంటే చిట్టమ్మ ఎయ్యదు, మన మొగం సూడదు. మీ అమ్మ రోజూ ఆ గుమ్మంకాడికెల్లి నిలబడి వొస్తన్నాది. నాలుగో రోజు తలుపు తీసి, ముద్ర ఎయ్యడానికి ఏలు సాపింది.

తీర్పెప్పుడో రాయి.

మావ


కటకం
11 జూన్ 2025

మావా,

హైకోర్టు దగ్గర నీరజ మేడం స్నేహితుల ఆఫీసులో చేరి నెలయింది. గది దొరికింది. పని చాలా ఉంది. అయినా పొద్దున లేవబుద్ధి కావడం లేదు.

మార్చిలో తీర్పొచ్చినప్పుడు ఇంటికొచ్చి మీకు చెప్పాను గదా. కొట్టమని ఆజ్ఞ ఇచ్చాడన్న నేరం నిలవలేదు, ఆ మాటకి రెండర్థాలున్నాయి కాబట్టి. కానీ చనిపోతున్న ఖైదీని నాలుగుసార్లు చూసి కూడా వైద్యం చేయించలేదన్న నేరానికి తొమ్మిదేళ్ళు వేశారు. అధికారి కాబట్టి మాకు జవాబు చెప్పక్కర్లేదన్నది చెల్లదని రాశారు. నువ్వు అబద్ధం చెప్పి ఉంటే మొత్తం సాక్ష్యమే కొట్టుకుపోయేదని మా లాయరు నాతో అంది. నీ నోట్లో మాట పెట్టబోయాను మావా. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

ఇప్పుడు వాడు బయటికొచ్చాడు.

వాళ్ళ దేశంలో ఆ మూడో దేశం విలేకరి ఒకణ్ణి జైల్లో పెట్టారు. అతన్ని వదిలారు, ఇతన్ని వదిలారు. మాట్లాడుకుని మార్చుకున్నారు, అంతే. విమానం దిగితే పూలదండలు వేశారట. ఫోటో చూశాను. పక్కన వాడి కూతురు ఉంది, నవ్వడం లేదు.

ఇంత చేసి ఏం మిగిలింది? అమ్మ ఏడేళ్ళు తెలియని సంగతి తెలుసుకుని ఏడ్చింది. పింటు ఇంకా లోపలే ఉన్నాడు. నువ్వు ఊళ్ళో తలెత్తుకు తిరగలేకపోతున్నావు. వాడు మాత్రం ఇంట్లో కాఫీ తాగుతున్నాడు. నువ్వు మొదట్లో రానన్నావు, అప్పుడే వినాల్సింది. ఎవడి దేశం చిన్నదో వాణ్ణే ఎక్కిస్తారన్నావు. ఎక్కించినవాణ్ణి కూడా దించేశారు.

తీర్పుని తెలుగులో రాసి ఇందులో పెట్టాను, నాన్న గురించి ఉన్న పేజీలు మాత్రం. అమ్మకి చదువుతావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం.

వాణి


మార్కండి
3 ఆగస్టు 2025

అమ్మీ వాణీ,

నీ ఉత్తరానికి ఆలీసంగా జవాబు రాస్తన్నాను. రాయడానికి ఏటీ లేక కాదు, ఏటవుద్దో సూద్దామని ఆగినాను.

పింటు వొచ్చినాడు. పదిరోజులయింది. ఢిల్లీవోల్లు టికెట్టు కొని అంపినారు. ఛత్రపురం టేసన్లో దిగి నడుసుకుంటా వొచ్చినాడు. సిక్కిపోనాడు, ఎడం సెయ్యి సరిగ్గా లెగదు. ఓ వారం ఇంట్లోంచి బయిటికి రాలేదు. మొన్న సాయంత్రం మాయింటికొచ్చి, అరుగుమీద నా ఎదురుగా కూకుని, నాకు తెలిసీలాగ మెల్లిగా సెప్పినాడు.

ఆడినీ కొట్టినారట. అదే ఠాణా కాదు, ఇంకోటి. కాని మొదటి రోజు డాక్టరొచ్చి సూసినాడట. కొట్టినంక మల్లీ వొచ్చినాడట. సెయ్యిరిగితే ఆసుపత్రికి అట్టుకెల్లినారట. ఎందుకని అక్కడోడిని ఒకడిని అడిగితే, "కమాండరు కేసయినకాడినుంచి పైనుంచి ఆర్డరు, లోపల ఎవుడూ సావకూడదు" అన్నాడట.

కొట్టకూడదని ఆర్డరు కాదమ్మీ. సావకూడదని. అంతే వొచ్చింది మన కేసుకి. నాను రాత్రంతా దాన్నే తిరగేసినాను. సంతోసించాలో తూ అనాలో తెలీలేదు. పింటుని అట్టుకున్నది మనవల్లే. పింటు పేనంతో వొచ్చింది గూడా మనవల్లేనేమో. రెండూ నిజమే. ఒకటి సెప్పి ఇంకోటి దాచడానికి లేదు.

తీర్పు కాగితం మీ అమ్మకి సదివినాను. పొయ్యిలో ఎట్టలేదు. గుండాగి పోలేదని, కొట్టడంవల్ల, వైద్యం లేకపోడంవల్ల పోనాడని, పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ ఎట్టి ఓ కోర్టు రాసింది. మీ అమ్మ మల్లీ సదవమంది. కమాండరు బయిటికొచ్చీసినాడని గూడా సెప్పినాను. "రాసిందాన్ని ఎవుడూ కొట్టీలేదు గద" అంది. కొట్టీలేదన్నాను. ఆ పూట అన్నం బాగా తిన్నాది.

ఇప్పుడు అసలు సంగతి. పింటు ఎల్లబోతా నన్నడిగినాడు, "మావా, నన్ను కొట్టినోల్లు గూడా ఏదో దేశం ఎల్తారు గద. వాణి రాసుకుంటాదా నాను సెప్తే? పేర్లు నాకు తెలుసు. ఆల బాస గూడా నాకొచ్చు" అని. ఇంకా ఆ రేవులో మనోల్లు ఉన్నారు. నీకు రాయాలో వద్దో గూడా తేల్చుకోలేకపోనాను.

నిన్న చిట్టమ్మ వొచ్చింది. మన్నెత్తి పోసినకాడినుంచి మల్లీ ఇప్పుడే రావడం. లోపలికి రాలేదు. మీ అమ్మ పీటేస్తే కూకోలేదు. పింటు నాతో ఏటన్నాడో ఆడి తల్లికి తెలిసిపోయినట్టుంది. నన్ను బతిమాలడానికి వొచ్చిందనుకున్నాను, ఒద్దని సెప్పడానికి.

నా ఎదురుగా నిలబడి, నా మొగంలోకి సూస్తా, నాకు తెలిసీదాకా రెండుసార్లు సెప్పింది.

"ఆ గుంటని కటకంనుంచి రమ్మను. ఆడు ఏటి సెప్పినా నా ఇంట్లో కూకుని, నా ఎదురుగా సెప్పాల. నాను మొత్తం యినాల."

అంచేత నువ్వు రా. కాగితాలు తెచ్చుకో. ముందు చిట్టమ్మ ఇంటికెల్లు, తరవాత మనింటికి.

మీ మావ
పైడన్న